చప్పుడు చేసే గొంతు, చేయని గొంతు

పురుడు జరిగి మూడు వారాలైన ఇంట్లో, పసివాడు ఊపిరి తీసినప్పుడల్లా గొంతులోంచి గురగుర వినిపిస్తే కోనసీమలో ఏం జరుగుతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. అమ్మమ్మ కఫం అంటుంది. పక్కింటావిడ పాలు గొంతులో నిలిచిపోయాయంటుంది. నీళ్లు పోసే ముసలామె ముక్కులో రెండు చుక్కల నూనె వేస్తే సరిపోతుందంటుంది. సాయంత్రానికి సాంబ్రాణి పొగ ఇంకాస్త ఎక్కువ పడుతుంది. మర్నాడు మందుల షాపు నుంచి దగ్గు సిరప్పు వస్తుంది. ఇంత హడావిడిలో బాలింత ఒక్కతే ఇంకో సంగతి గమనిస్తూ ఉంటుంది. పాలు తాగడానికి వీడికి గంట పడుతోంది. నాలుగు గుక్కలకోసారి ఆగి ఆయాసపడుతున్నాడు, తాగినంతసేపూ నుదురంతా చెమట.

డాక్టరుకు ఎక్కువ పనికొచ్చేది ఆ బాలింత చూసిందే. పుట్టుకతో గొంతులో వచ్చే లోపాల విషయంలో పెద్దవాళ్లను తప్పుదారి పట్టించేది చప్పుడు. చప్పుడు ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెద్దదనుకుంటాం. నిజానికి అందరికంటే ఎక్కువ రొద చేసే లోపం చాలామంది పిల్లల్లో తనంతట తానే సర్దుకుంటుంది. ప్రాణం మీదికి తెచ్చేవాటిలో కొన్ని అసలు చప్పుడే చేయవు. అందుకే వినవలసింది చప్పుడు ఎంతని కాదు, అది ఏ ఊపిరిలో వస్తోందని. ఆ పైన చూడవలసింది పాలు ఎలా దిగుతున్నాయి, బరువు పెరుగుతోందా లేదా అని.

రెండు దారులు దాటుకునే చోటు

పి.గన్నవరం దగ్గర వైనతేయ గోదావరిని పంట కాలువ ఎలా దాటుతుందో చూసినవారికి పసిపిల్లల గొంతు తేలిగ్గా అర్థమవుతుంది. కింద నది పోతుంది, పైన అక్విడక్టు మీద కాలువ నీరు పోతుంది. రెండూ ఒకదాన్నొకటి దాటతాయి గానీ కలవవు. నెలల బిడ్డ గొంతులో గాలికీ పాలకూ ఉన్న ఏర్పాటు దాదాపు అలాంటిదే. పెద్దవాళ్లలో స్వరపేటిక మెడ మధ్యకు దిగి, దాదాపు ఆరో మెడపూస ఎదురుగా ఉంటుంది. పుట్టిన బిడ్డలో మూడు, నాలుగు మెడపూసల ఎత్తున, నాలుక మొదలుకు ఆనుకుని ఉంటుంది. దాని మీద మూతలాంటి ఉపజిహ్విక పైకి లేచి కొండనాలుక వెనుకదాకా అందుతుంది. ముక్కులోంచి వచ్చిన గాలి నేరుగా స్వరపేటికలోకి దిగుతుంది. పాలు దానికి రెండు పక్కల నుంచీ జారి అన్నవాహికలోకి పోతాయి. మింగే క్షణంలో ఊపిరి రెప్పపాటు ఆగి, మళ్లీ మొదలవుతుంది.

చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం ఈ మూడూ లయ తప్పకుండా సాగాలి. ఆ లయ తల్లి కడుపులో 34వ వారానికి గానీ కుదరదు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు కొన్నాళ్లు గొట్టం ద్వారా పాలు పట్టేది అందుకే. లయ కుదిరిన బిడ్డకు కూడా గొంతులో ఎక్కడైనా ఇరుకో, చీలికో, తిత్తో ఉంటే మొదట బయటపడేది పాలు తాగేటప్పుడే. ఊపిరికీ మింగుడుకూ పోటీ వస్తే బిడ్డ ఊపిరినే ఎంచుకుంటుంది, పాలు వదిలేస్తుంది. వదలకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఇక కొలతల సంగతి. నెలలు నిండి పుట్టిన బిడ్డకు స్వరతంత్రుల (స్వరపేటికలో గొంతు పలికించే మడతల) కింద, ఉంగరంలాంటి మృదులాస్థి దగ్గర, గాలిదారి వెడల్పు 4.5 నుంచి 5.5 మిల్లీమీటర్లు. 4 మిల్లీమీటర్ల కంటే తక్కువ ఉంటే దాన్ని పుట్టుకతో వచ్చిన ఇరుకుగా లెక్కిస్తారు. 4 మిల్లీమీటర్ల దారిలో జలుబు చేసి చుట్టూతా 1 మిల్లీమీటరు వాస్తే మిగిలేది 2 మిల్లీమీటర్లు. అంటే గాలి పోయే జాగాలో నాలుగింట మూడు వంతులు పోయినట్టు. గాలికి ఎదురయ్యే అడ్డు, లెక్క ప్రకారం, 16 రెట్లవుతుంది. అదే వాపు 8 మిల్లీమీటర్ల గొంతులో వస్తే అడ్డు మూడు రెట్లు పెరుగుతుందంతే. మనకు గొంతు బొంగురుపోయి సరిపెట్టుకునే జలుబు, ఆ బిడ్డను ఆసుపత్రిలో పడేసేది ఈ లెక్క వల్లనే. ఏడాది లోపు పిల్లలకు మొరిగినట్టుండే దగ్గు, గొంతు పట్టేయడం మాటిమాటికీ వస్తుంటే అది ఉత్త జలుబు కాకపోవచ్చు, లోపల ఇరుకు ఉందేమో చూడాలి.

గ్రహణానికి సంబంధం లేదు

ఈ దారులన్నీ ఏర్పడేది గర్భం నాలుగో వారంలో మొదలుపెట్టి. అప్పటికి గాలికీ ఆహారానికీ వేరువేరు గొట్టాలు ఉండవు, ఒకటే గొట్టం. దాని ముందువైపు చిన్న మొగ్గ పుట్టి, కిందికి పెరిగి, ఊపిరితిత్తులవుతుంది. ఆ మొగ్గకూ వెనుక గొట్టానికీ మధ్య అడ్డుగోడ లేస్తుంది. గోడ పూర్తిగా లేవకపోతే శ్వాసనాళానికీ అన్నవాహికకూ మధ్య కన్నం మిగులుతుంది. ఆ లోపం పైభాగంలో, స్వరపేటిక వెనుక గోడలో వస్తే అక్కడ చీలిక ఉంటుంది. స్వరపేటిక దారి కొన్నాళ్లు కణాలతో పూర్తిగా మూసుకుపోయి, పదో వారానికల్లా మళ్లీ తెరుచుకుంటుంది. సరిగ్గా తెరుచుకోకపోతే స్వరతంత్రుల మధ్య పొరలాంటిది మిగులుతుంది.

నాలుగో వారమంటే చాలామంది ఆడవాళ్లకు నెల తప్పిన సంగతే ఇంకా తెలియదు. అయినా బిడ్డకు లోపం ఉందనగానే మన ఇళ్లలో మొదలయ్యేది విచారణ. గ్రహణం రోజు బయటికి వచ్చిందా, కత్తిపీట పట్టుకుందా, బొప్పాయి తిన్నదా? పెదవో అంగుడో చీలిన బిడ్డకు గ్రహణం మొర్రి అని పేరు పెట్టి తల్లి మీద తరతరాలుగా నింద వేసిన సమాజం మనది. గ్రహణానికి గొంతుతో ఏ సంబంధమూ లేదు. మేనరికాల్లో పుట్టుకతో వచ్చే లోపాల ముప్పు మొత్తమ్మీద కొంత ఎక్కువన్న మాట నిజమే. కానీ ఇక్కడ చెప్పుకునే లోపాలు చాలావరకు ఏ బంధుత్వమూ లేని దంపతులకు, కుటుంబంలో అంతకుముందు ఎవరికీ లేకుండానే వస్తాయి. కొన్నింటికి జన్యువుల్లో మూలం ఉంటుంది. స్వరతంత్రుల మధ్య పొర ఉన్న పిల్లల్లో కొందరికి 22వ క్రోమోజోములో చిన్న ముక్క లోపిస్తుంది. అందుకే అలాంటి బిడ్డకు గుండె పరీక్ష కూడా చేయిస్తారు. ఆ ముక్క కూడా ఎక్కువమందిలో తల్లిదండ్రుల నుంచి వచ్చింది కాదు, కొత్తగా పోయిందే.

'టిఫా స్కాన్‌లో అంతా బాగుందన్నారు కదా' అనేది తరువాతి ప్రశ్న. అయిదో నెలలో తీసే ఆ స్కాన్‌లో గుండె, వెన్ను, కాళ్లు చేతులు బాగా కనిపిస్తాయి. స్వరపేటిక మెత్తగా ఉందా, దాని వెనుక సన్నటి చీలిక ఉందా అన్నది కనిపించదు. దవడ మరీ చిన్నదైతే ఒక్కోసారి తెలుస్తుంది. చివరి నెలల్లో ఉమ్మనీరు విపరీతంగా పెరిగితే బిడ్డ మింగలేకపోతోందేమోనని అనుమానించాలి, ఎందుకంటే కడుపులోని బిడ్డ ఉమ్మనీటిని మింగుతూ ఉంటుంది. ఆ మాట స్కాన్ కాగితం మీద ఉంటే కాన్పు పెద్ద ఆసుపత్రిలో పెట్టుకోవడం మేలు.

ఏ ఊపిరిలో చప్పుడు?

బిడ్డ పక్కన కూర్చుని, చొక్కా తీసి, పొట్ట ఎగసిపడటం చూస్తూ వింటే చాలు, ఇది ఎవరైనా చెప్పగలరు. గాలి లోపలికి లాగేటప్పుడు కీచుమన్నట్టు వస్తే లోపం స్వరపేటికలో గానీ దానికి పైన గానీ ఉంటుంది. లోపలికి లాగే బలానికి అక్కడి మెత్తటి కండ కూడా లోపలికి ముడుచుకుపోతుంది. గాలి వదిలేటప్పుడు మాత్రమే వస్తే లోపం ఛాతీ లోపలి నాళాల్లో ఉంటుంది. మనం పిల్లికూతలు అనేది దీన్నే. లాగేటప్పుడూ వదిలేటప్పుడూ ఒకేలా వస్తే అది బిగుసుకున్న ఇరుకు, స్వరతంత్రుల దగ్గరో ఆ కిందో ఉంటుంది. ముక్కు బిగుసుకున్నట్టు గుర్రుమంటే అడ్డు ముక్కులోనో నాలుక వెనుకో ఉంటుంది.

ఈ తేడా చూడకుండా చప్పుడు చేసే ప్రతి బిడ్డకూ ఉబ్బసం అని పేరు పెట్టి నెబ్యులైజర్ పెట్టేస్తుంటారు. నాళాలను సడలించే ఆ మందు స్వరపేటికలోని లోపానికి పనిచేయదు. శ్వాసనాళం గోడలే మెత్తబడిన పిల్లల్లో అయితే ఉన్న కాస్త బిగువూ పోయి ఆయాసం పెరగవచ్చు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టన్న సామెత ఇంత సరిగ్గా అతికే సందర్భం మరొకటి ఉండదేమో.

అందరికంటే రొద చేసేది

పసిపిల్లల్లో లోపలి ఊపిరికి వచ్చే చప్పుడులో సగానికి పైగా కేసులకు కారణం లారింగోమలేసియా. స్వరపేటిక పైభాగపు మృదులాస్థి, కండ ఉండవలసినంత బిగువుగా ఉండవు. ఉపజిహ్విక చుట్టుకుపోయి ఉంటుంది, దాన్ని వెనుక భాగంతో కలిపే మడతలు పొట్టిగా ఉంటాయి. ఊపిరి లాగగానే ఇవన్నీ లోపలికి ముడుచుకుని దారికి అడ్డం పడతాయి, వదలగానే తెరుచుకుంటాయి. ఏడుపు మాత్రం మామూలుగానే ఉంటుంది, ఎందుకంటే స్వరతంత్రులకు ఏమీ కాలేదు. ఇది గుర్తుపెట్టుకోవలసిన ఆనవాలు.

దీని నడకను ముందే తెలుసుకుంటే సగం భయం పోతుంది. చప్పుడు పుట్టిన రోజే ఉండకపోవచ్చు. ఎక్కువగా మొదటి రెండు వారాల్లో మొదలవుతుంది. ఆసుపత్రి నుంచి బాగానే ఇంటికి వచ్చిన బిడ్డకు పురిటింట్లో ఏదో అయిందని అనుమానాలు పుట్టేది ఇక్కడే. అక్కడి నుంచి తగ్గకపోగా నెలనెలా పెరుగుతుంది. బిడ్డ బలపడే కొద్దీ ఊపిరి లాగే జోరు పెరుగుతుంది, దాంతో ముడుచుకోవడమూ పెరుగుతుంది. ఆరు, ఎనిమిది నెలలప్పుడు పతాకస్థాయికి చేరి, ఆపైన నెమ్మదిస్తుంది. ఏడాదిన్నర, రెండేళ్లకు చాలామందిలో పోతుంది. వెల్లకిలా పడుకున్నప్పుడు, పాలు తాగేటప్పుడు, ఏడ్చినప్పుడు, జలుబు చేసినప్పుడు ఎక్కువ. బోర్లా పడుకోబెడితే తక్కువ. అలాగని రాత్రంతా బోర్లా పడుకోబెట్టకూడదు. నిద్రలో ఊపిరి ఆగి హఠాత్తుగా చనిపోయే ముప్పు బోర్లా పడుకున్న పసిపిల్లలకు ఎక్కువ. మెలకువగా ఉన్నప్పుడు, పక్కన మనిషి ఉన్నప్పుడు మాత్రమే ఆ పని.

వీరిలో చాలామందికి కడుపులోని పాలు పైకి పొంగుతుంటాయి. ఆ పులుపు తగిలి స్వరపేటిక ఇంకా ఉబ్బుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పట్టడం, తల ఎత్తుగా ఉంచి పట్టడం, తాగాక ఇరవై నిమిషాలో అరగంటో భుజాన వేసుకోవడం ఇక్కడ నిజంగా పనిచేసే వైద్యం. అవసరమైతే డాక్టరు పులుపు తగ్గించే మందు రాస్తారు.

అయితే పదిమందిలో ఒకరిద్దరికి ఇది కాలానికి వదిలేసే వ్యవహారం కాదు. అలాంటి బిడ్డ ఎలా ఉంటాడో దగ్గరగా చూద్దాం. ఊపిరి లాగినప్పుడల్లా మెడ కింద, రెండు గూడెముకలు కలిసే చోట, వేలు పట్టేంత గుంట పడుతుంది. డొక్కలు ఎగరేస్తాడు. రొమ్ము పట్టిస్తే ఆబగా అందుకుని, నాలుగు గుక్కలకే వదిలేసి, తల వెనక్కి విరిచి, నోరు తెరిచి ఊపిరి కోసం పెనుగులాడతాడు. ఊపిరి అందాక మళ్లీ ఆకలికి రొమ్ము కోసం వెతుక్కుంటాడు. ఇలా ముప్పావుగంట గడిచేసరికి కడుపు నిండక ముందే అలసిపోయి నిద్రపోతాడు. తాగిన పాల శక్తి తాగడానికే ఖర్చయిపోతుంది. ఈ బిడ్డకు ముడుచుకుపోయే మడతలను కత్తిరించి దారి చేసే ఆపరేషన్ ఉంది. నోటిలోంచే చేస్తారు, మెడ మీద గాటు ఉండదు. ఎవరికి అది కావాలన్నది చప్పుడు తీవ్రతను బట్టి కాదు, బరువును బట్టీ ఊపిరి ఆగడాలను బట్టీ నిర్ణయిస్తారు.

బరువుకు ఒక లెక్క ఉంది. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో పదో వంతు దాకా బరువు తగ్గుతుంది, రెండు వారాలకల్లా తిరిగి పుట్టినప్పటి బరువుకు వస్తుంది. ఆ తరువాత మొదటి మూడు నెలలూ రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. గొంతు ఎంత గురగురలాడినా ఈ లెక్క ప్రకారం పెరుగుతున్న బిడ్డను చూసి డాక్టరు 'కంగారు లేదు' అంటే ఆయన తేలిగ్గా తీసుకున్నట్టు కాదు.

చప్పుడు చేయనివి

పొలమారితే నడినెత్తిన తట్టి 'ఎవరో తలుచుకుంటున్నారు' అనడం మనకు అలవాటు. ఎప్పుడో ఒకసారి పొలమారడం ఏ బిడ్డకైనా ఉండేదే. ప్రతిసారీ, ప్రతి పూటా పాలు తాగేటప్పుడు పొలమారి, దగ్గి, కళ్లు తేలేసి, పెదవులు నీలంగా మారుతుంటే ఎవరూ తలుచుకోవడం లేదు, పాలు తప్పుడు దారిలో పోతున్నాయి.

వీటిలో ముందుగా చెప్పుకోవలసింది అన్నవాహిక మూసుకుపోయి పుట్టడం. 2,500 నుంచి 4,500 కాన్పులకు ఒకటి చొప్పున వస్తుంది. ఎక్కువమందిలో అన్నవాహిక పైభాగం సంచిలా మూసుకుపోయి ఉంటుంది, కింది భాగం పోయి శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది. పుట్టిన కొన్ని గంటల్లోనే నోటి నుంచి, ముక్కు నుంచి నురగ ఆగకుండా వస్తుంది. తుడిచిన కాసేపటికే మళ్లీ నిండుతుంది. తొలి గుక్క పాలకే బిడ్డ నీలమవుతుంది. నోటి ద్వారా గొట్టం వేస్తే దాదాపు 10 సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఎక్స్‌రే తీస్తే తెలిసిపోతుంది. నురగ కనిపించిన క్షణం నుంచి ఆ బిడ్డ నోట్లో ఏదీ పడకూడదు. పాలు వద్దు, తేనె వద్దు, ఆముదం ఉగ్గు వద్దు. తల ఎత్తుగా ఉంచి, ఉమ్మి పీల్చుతూ పిల్లల సర్జన్ ఉన్న చోటికి చేర్చాలి. ఈ లోపంతో పుట్టిన పిల్లలు 1930ల చివరి దాకా ఎక్కడా బతకలేదు. 1941లో అమెరికాలోని మిషిగన్‌లో కామెరాన్ హేట్ అనే సర్జన్ ఒకే ఆపరేషన్‌లో కన్నం మూసి, రెండు కొసలూ కలిపి బిడ్డను దక్కించుకున్నాడు. ఇప్పుడు వేరే పెద్ద లోపాలు లేని, తగిన బరువుతో పుట్టిన పిల్లలు చాలావరకు బతుకుతారు. ఆపరేషన్ అయ్యాక కూడా కొన్నేళ్లు మొరిగినట్టు దగ్గుతుంటారు. శ్వాసనాళం ఆ చోట మెత్తగా ఉండిపోవడం దానికి కారణం.

ఇందులోనే ఒక మాయదారి రకం ఉంది. అన్నవాహిక మూసుకోదు, గొట్టం కడుపులోకి హాయిగా దిగుతుంది, కానీ రెండు నాళాల మధ్య సన్నటి కన్నం ఉంటుంది. నురగ ఉండదు, చప్పుడు ఉండదు. పాలు తాగినప్పుడు దగ్గు, పొట్ట ఉబ్బరం, రెండు నెలలకోసారి నిమోనియా. ఒక్కో నిమోనియాకు ఒక్కో ఆసుపత్రిలో వైద్యం జరిగి, అన్నీ కలిపి చూసేవారు లేక నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచిపోతాయి.

స్వరపేటిక వెనుక గోడలో చీలిక ఇంకా అరుదు, 10,000 నుంచి 20,000 మందికి ఒకరు. దీన్ని లోతును బట్టి నాలుగు రకాలు చేశారు. మొదటి రకం స్వరతంత్రుల ఎత్తు దాటదు, నాలుగో రకం ఛాతీలోకి దిగిపోతుంది. పెద్ద చీలికలు పుట్టగానే బయటపడతాయి. చిన్న చీలిక ఉన్న బిడ్డ మామూలుగానే కనిపిస్తుంది, పల్చటి పాలకు దగ్గుతుంది, చిక్కటి గుజ్జు పెట్టడం మొదలుపెట్టాక బాగుంటుంది, నీళ్లు తాగించగానే మళ్లీ దగ్గుతుంది. ఈ తేడా తల్లికే తెలుస్తుంది, చీటీ మీద ఎవరూ రాయరు. ముక్కులోంచి సన్నటి కెమెరా వేసి చూసినా ఇది దొరక్కపోవచ్చు. చీలిక అంచులు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. మత్తు ఇచ్చి, సన్నటి కడ్డీతో ఆ అంచులను విడదీసి చూస్తేనే తేలుతుంది.

ముక్కు వెనుక ద్వారం ఎముకతోనో పొరతోనో మూసుకుని పుట్టడం గొంతుకు కాస్త ఎగువ సంగతి గానీ, లక్షణం ఎంత వింతగా ఉంటుందంటే చెప్పకుండా వదలలేం. ఏడిస్తే బిడ్డ ఎర్రగా ఉంటుంది, ఊరుకోబెడితే నీలమవుతుంది. పసిపిల్లలు ముక్కుతోనే ఊపిరి తీస్తారు, ఏడ్చినప్పుడు మాత్రమే నోరు తెరుచుకుంటుంది. రెండు వైపులా మూసుకుంటే పుట్టిన గదిలోనే తెలుస్తుంది. ఒక వైపే అయితే ఏళ్ల తరబడి ఒకే ముక్కు కారుతూ ఉంటుంది, అంతే.

కింది దవడ చిన్నదై, నాలుక వెనక్కి పడి, అంగుడు చీలి ఉన్న బిడ్డల గురించి ఫ్రెంచి వైద్యుడు పియర్ రాబిన్ 1923లో రాశాడు, ఆయన పేరే నిలిచింది. మూడు లోపాలు కావివి, ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. దవడ పెరగక నాలుక పైకి నెట్టుకుపోయింది, అది అడ్డుండటంతో అంగుడు కలుసుకోలేదు. ఈ బిడ్డలను డాక్టర్ల పర్యవేక్షణలో బోర్లా పడుకోబెడితేనే చాలామందికి నాలుక ముందుకు జారి దారి తెరుచుకుంటుంది. పైన లారింగోమలేసియా దగ్గర చెప్పిన నిషేధానికి ఇది మినహాయింపు, అది కూడా ఆసుపత్రి చెబితేనే. వీరికి ఉగ్గుగిన్నెతో పాలు పోయడం అందరికంటే ప్రమాదం.

మిగిలినవి క్లుప్తంగా. నాలుక మొదట్లో నీటితిత్తి ఉంటే లారింగోమలేసియాలాగే వినిపిస్తుంది, కానీ అది పెరిగి దారిని హఠాత్తుగా మూసేయగలదు. ఒక స్వరతంత్రి కదలకుండా చచ్చుపడిపోతే ఏడుపు బలహీనంగా, గాలిగా ఉంటుంది, పాలు పొలమారతాయి. రెండూ పడిపోతే ఏడుపు దాదాపు మామూలుగానే ఉండి, ఊపిరి మాత్రం కీచుమంటుంది. ఏడుపు బాగుందని నిబ్బరపడటానికి లేదు. స్వరతంత్రుల మధ్య పొర ఉంటే పుట్టుకతోనే గొంతు బొంగురు. స్వరపేటిక కింద రక్తనాళాల గడ్డ అయితే పుట్టినప్పుడు ఏమీ ఉండదు, నెలా రెండు నెలలకు చప్పుడు మొదలై పెరుగుతుంది. గడ్డం, పెదవి, చెంపల కింద ఎర్రటి మచ్చలు ఉన్న బిడ్డకు చప్పుడు వస్తే ఇదే మొదటి అనుమానం. దీనికి 2008 దాకా స్టెరాయిడ్లో, కత్తో, లేజరో దిక్కు. ఆ ఏడాది ఫ్రాన్స్‌లోని బోర్డో వైద్యులు గుండె జబ్బుకు ప్రొప్రనలోల్ ఇచ్చిన బిడ్డకు మొహం మీది రక్తనాళాల గడ్డ కూడా కరగడం గమనించి ప్రకటించారు. పెద్దవాళ్ల రక్తపోటుకు వాడే పాత, చవక మందు పసిగొంతులను కత్తి నుంచి తప్పించింది.

లంకల్లోంచి ఆసుపత్రికి

ఏది ఏమిటో తేల్చే పరీక్ష పెద్ద తతంగం కాదు. బిడ్డను తల్లి ఒడిలోనే ఉంచి, నూడుల్ అంత సన్నటి కెమెరాను ముక్కులోంచి వేసి, స్వరపేటిక కదలికను ఒకటి రెండు నిమిషాల్లో చూస్తారు. మత్తు అక్కర్లేదు. కింది భాగాలు చూడాలంటే మాత్రం మత్తు, ఆపరేషన్ థియేటర్ కావాలి. పసిపిల్లల గాలిదారిలో చేయి తిరిగినవారు విశాఖ, హైదరాబాద్ వంటి పెద్ద నగరాల్లోనే ఎక్కువ. గోదావరి జిల్లాల వారికి మొదటి మజిలీ ఎక్కువగా కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి.

అంతదూరం వెళ్లాక డాక్టరు ముందు బిడ్డ హాయిగా నిద్రపోతూ ఉంటుంది. అది ఎప్పుడూ జరిగేదే. అందుకని ఫోనులో వీడియో తీసుకెళ్లడం మంచిది. చొక్కా లేకుండా, మెడా ఛాతీ పొట్టా కనిపించేలా, వెలుతురులో, టీవీ ఆపి, ఒక్కొక్కటి నిండా నిమిషం. నిద్రలో ఒకటి, ఏడుపులో ఒకటి, పాలు తాగేటప్పుడు మొదటి గుక్క నుంచి ఒకటి. తూకం చీటీలు అన్నీ తేదీలతో కలిపి పెట్టుకోవాలి. వేల రూపాయల స్కాన్ కంటే ఈ మూడు నిమిషాలు ఎక్కువ చెప్పిన సందర్భాలు కొల్లలు.

ఆగకుండా వెళ్లవలసిన గుర్తులు వేరు. పెదవులు, నాలుక నీలమవడం, ఊపిరి మధ్యలో ఆగడం, ప్రశాంతంగా ఉన్నప్పుడు కూడా నిమిషానికి 60 సార్లు లేదా అంతకు మించి ఊపిరి తీయడం, డొక్కలు లోతుగా పోవడం, పాలు పూర్తిగా మానేయడం. చప్పుడు చేస్తున్న బిడ్డ ఆయాసం తగ్గకుండానే నిశ్శబ్దమైపోతే అది నయం కావడం కాదు, అలసిపోవడం. పాలు గొంతుకు అడ్డంపడి బిడ్డ ఏడవలేక, దగ్గలేక పోతుంటే ముంజేతి మీద తల కిందుగా బోర్లా వేసుకుని, భుజాల మధ్య అరచేతి మడమతో అయిదు దెబ్బలు వేయాలి. అప్పటికీ రాకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో అయిదుసార్లు నొక్కాలి, మళ్లీ మొదటి నుంచి. నోట్లో వేలు పెట్టి కెలకకూడదు, నీళ్లు పోయకూడదు, కాళ్లు పట్టుకుని వేలాడదీయకూడదు. ఈలోపు ఇంకొకరు 108కి ఫోను చేయాలి.

బూరుగులంక, ఊడిమూడిలంక వంటి ఊళ్లకు అంబులెన్సు ఏడాది పొడుగునా ఒకేలా రాదు. గోదావరికి వరద వస్తే దారి మునిగి పడవే దిక్కు. గొంతు లోపం తేలిన బిడ్డ ఉన్న లంక ఇంటివారు ధవళేశ్వరంలో 10 లక్షల క్యూసెక్కుల మొదటి హెచ్చరిక కోసం చూడకుండా, ఎగువన భద్రాచలంలో నీరు పెరుగుతుండగానే ఒడ్డున ఉన్న బంధువుల ఇంటికి మారడం మంచిది. గర్భిణులను వరదకు ముందే తరలించడం అధికారులకు అలవాటైన పనే. ఆ జాబితాలో ఈ పిల్లలనూ చేర్చమని ఆశా కార్యకర్త అడగవచ్చు, అడగాలి.

ఇరుకు మరీ ఎక్కువైన కొందరికి మెడ దగ్గర రంధ్రం చేసి గొట్టం పెడతారు. దాన్ని తల్లిదండ్రులు శిక్షలా చూస్తారు గానీ, లోపలి దారిని సరిచేసేదాకా ఊపిరినీ పెరుగుదలనూ కాపాడేది అదే. డెల్టాలో దానికి రెండు జాగ్రత్తలు అదనం. ఇంటి ముందు కాలువ, వెనుక చెరువు ఉన్న చోట ఆ బిడ్డ నీళ్లలోకి జారితే నీరు ముక్కూ నోరూ దాకా రానక్కర్లేదు, గొట్టంలోంచి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. స్నానం కూడా మెడ కిందినుంచే. రెండోది కరెంటు. తుపానుకు స్తంభాలు పడితే కొన్ని రోజులు రాదు, కఫం పీల్చే మిషను ఆగిపోతుంది. కాలితో తొక్కే పంపు ఒకటి ఇంట్లో ఉండాలి, వాడటం కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. నడక వచ్చిన పిల్లను మేనత్త పట్టుకుని కూర్చుంటే సరిపోదు, ఆ మేనత్తకు కూడా గొట్టం మార్చడం తెలిసుండాలి.

ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 30 రకాల సమస్యలకు పిల్లలను పరీక్షిస్తుంది. గ్రహణం మొర్రి, గుండె లోపాలు, పుట్టు చెవుడు అందులో ఉన్నాయి. స్వరపేటిక, శ్వాసనాళాల లోపాలు పేరుపెట్టి లేవు. కాబట్టి పట్టుకోవలసింది గడప తొక్కే మనిషే. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డ ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వస్తుంది, ప్రతిసారీ తూకం వేస్తుంది. గురగుర మొదలయ్యే రోజులూ, పుట్టిన బరువు తిరిగి రావలసిన రోజూ సరిగ్గా ఈ మధ్యలోనే పడతాయి. 42వ రోజు తరువాత ఆమె వచ్చేది మూడో నెలలో. ఆరో వారం టీకా దాటాక ఆ ఖాళీలో పదో వారం టీకా, ఆ తరువాత పద్నాలుగో వారం టీకా ఉంటాయి. సూది వేయించుకుని వచ్చేయకుండా ఆ రెండు రోజులూ బిడ్డను తూచి, కార్డులో బరువు రాయమని అడగండి.